చదవకుండా వదిలిన వాక్యం

మొన్న కల్లూరులో మా మనవరాలి ఇంటికి నీళ్ల మిషను బాగుచేసే మనిషి వచ్చాడు. వంటింట్లో గోడకు తగిలించిన పెట్టె విప్పి, లోపల్నుంచి జానెడు పొడుగుండే, మగ్గం దారపు కండె లాంటిదొకటి బయటికి లాగి నా ముందున్న బల్ల మీద పెట్టాడు. కండె లాంటిదేమిటి, అచ్చం కండెనే. నడుమ బోలు గొట్టం, దాని చుట్టూ ఏటవాలుగా, బిర్రుగా చుట్టిన తెల్లదారం. తెల్లదనం కొత్తలో ఉండిందేమో, ఇప్పుడు దానికి కల్లూరు మట్టి రంగంతా పట్టుకుంది. "సగం పని ఈ దారందేనవ్వా. మిగతాదంతా పైన లైట్లు వెలగడానికి" అని నవ్వాడు ఆ మనిషి. నేను ఆ మురికి కండెను చేతిలోకి తీసుకుని, వేలితో దారం కొస వెతుకుతూ కూర్చున్నాను. మగ్గమున్న ఇంట్లో కాపురం చేసిన చేయి, దారం కనబడితే కొస వెతకకుండా ఊరుకోదు. "ఛీ, అవ్వా, అది పారేసేది" అని మా మనవరాలు లాక్కుంది. లాక్కుంటే లాక్కుంది గానీ, అప్పటికే నేను ఆ వంటింట్లో లేను. కోడుమూరు పక్కనుండే మా అత్తగారి ఊళ్లో, దిగుడుబావి గట్టు మీద, పదహారేళ్ల కోడలిగా నిలబడి ఉన్నాను.

నేను పుట్టింది ఆలూరు దిక్కు. అక్కడి మాటలో కన్నడం కలుస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను డబ్బులను "దుడ్లు" అన్నప్పుడల్లా మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. నాకంటే రెండేళ్లు చిన్నది, నోరు మాత్రం పదేళ్లు పెద్దది. ఇంట్లో మేము ఐదుగురం: మామ, అత్త, మా ఆయన, ఆడబిడ్డ, నేను. ముందర పడసాలలో రెండు గుంత మగ్గాలుండేవి. నేలలో తవ్విన గుంతల్లోకి కాళ్లు వేలాడేసి మామ ఒకదానికి, మా ఆయన ఒకదానికి కూర్చుంటే, తెల్లారింది మొదలు దీపం పెట్టేదాకా ఆ చప్పుడు ఆగేది కాదు. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. మా వీధిలో అంత చదువు ఆడవాళ్లలో ఎవరికీ లేదు, మగవాళ్లలోనూ తక్కువే. మామ నన్ను చూడడానికి ఆలూరు వచ్చినప్పుడు నా రంగూ చూడలేదు, పొడుగూ చూడలేదు. గోడకు అంటించి ఉన్న ఒక మందుల ప్రకటన చూపించి చదవమన్నాడు. గడగడా చదివేశాను. "ఈ బిడ్డ మా ఇంటికి కావల్ల" అన్నాడట. ఆ చదువు తర్వాత మా ఇంటికి ఏం చేసిపెట్టిందో చెప్పడానికే ఇదంతా.

నేను కాపురానికి వచ్చిన మరుసటేడు నూలు కరువు వచ్చింది. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, నూలు మాత్రం మా ఊళ్లో లేకుండా పోయింది. కంట్రోలు అన్నారు, చీటీ అన్నారు, చీటీ తీసుకుని పోతే రేపు రమ్మన్నారు. వీధిలో మగ్గాలు ఒకదాని వెంట ఒకటి నిలిచిపోయాయి. ఎప్పుడూ చప్పుడుండే వీధి నిశ్శబ్దమైపోతే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. పస్తులుండే రోజులూ ఉన్నాయి గానీ, పని లేని మామను భరించడం అత్తకు పస్తు కంటే కష్టమైంది. నలభై ఏళ్లుగా కాళ్లూ చేతులూ ఆడించిన మనిషి, ఊరికే కూర్చోలేడు. కట్టెలన్నీ పొడుగు ప్రకారం పేర్చాడు. పొయ్యి రాళ్లు విప్పి మళ్లీ కట్టాడు. పెరట్లో బండలు ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు మార్చాడు. ఆఖరికి పోపు గింజలు వేరుచేస్తూ అత్త పీట మీదే కూర్చున్నాడు. అత్త వాకిట్లోకి వచ్చి, దారిన పోయేవాళ్లను పిలిచి, "ఈయప్పకు ఎవురన్నా ఒక పని చెప్పండప్పా, మీకు పుణ్యముంటాది" అని అడిగేది. అడిగింది నవ్వులాటకే. పని మాత్రం నిజంగానే వచ్చింది.

మా ఊరికి తాగే నీళ్లు ఒక్క దిగుడుబావివే. ఒక వైపు మెట్లు, మూడు వైపులా రాతిగోడ. ఎండాకాలం నీళ్లు అడుక్కు పోతే ఆడవాళ్లు మోకాటి లోతు దిగి కుండలు ముంచుకోవాలి. ఆలూరు దిక్కు మా పుట్టింటి ఊళ్లో గిలక బావి. అందుకని మొదటిరోజు ఇంతమంది కాళ్లు పెట్టిన నీళ్లు తాగడమా అని నేను ముఖం చిట్లిస్తే, "ఆలూరు రాణెమ్మ వచ్చిందిరా" అని ఆడబిడ్డ ఊరంతా చెప్పుకొచ్చింది. ఆ ఊళ్లో ఇంకొకటి కూడా ఉండేది, నారి రోగం. ఎండలు ముదిరే సమయానికి ఎవరి కాలి మీదనో బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. మంటకు తాళలేక ఆ కాలు తీసుకుపోయి బావి నీళ్లలో పెడతారు. చల్లగా ఉంటుంది. బొబ్బ పగులుతుంది. అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు కొస బయటపెడుతుంది. దాన్ని సన్న పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. మూరెడు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూరలు. నడుమ తెగిందా, కాలు బండెడు వాస్తుంది. విత్తనం పడే అదనుకు ఇంటికొకరు మంచం మీద ఉండేవాళ్లు. మా ఊరివాళ్లకు అదేమంత వింత కాదు. ఎండాకాలం వస్తే మామిడికాయ వచ్చినట్టు నారి వస్తుందనుకునేవాళ్లు.

ఆ ఏడు ఉగాది అయిన కొన్నాళ్లకు సర్కారు తరఫున ఊళ్లు తిరిగే ఒకాయన వచ్చాడు. టోపీ, సైకిలు, సంచీ నిండా అచ్చు కాగితాలు. బావి మెట్ల మీద నిలబడి ఏదో చెప్పాడు, వినేవాళ్లు లేరు. ఆయన మాట తెలుగే గానీ, ఎక్కడి తెలుగో మాకు అందలేదు. ఎవరూ తీసుకోకపోయేసరికి కాగితం మామ చేతిలో పెట్టి సైకిలెక్కాడు. మామ దాన్ని ఇంటికి తెచ్చి నా ముందు పరిచాడు. మిగిలిన ముగ్గురూ చుట్టూ కూర్చుంటే నేను చదివాను. నారి దేవత కోపం కాదని, నరం బయటికి రావడం కాదని ఉంది. పురుగు ఉన్న కాలు నీళ్లలో పెడితే ఆ పురుగు పిల్లలు నీళ్లలో కలుస్తాయని, ఆ నీళ్లు తాగినవాళ్లకు మళ్లీ పుడుతుందని ఉంది. బావిలోకి ఎవరూ దిగకూడదట, నీళ్లను దట్టమైన గుడ్డతో వడగట్టి తాగాలట. "అంతేనా?" అంది అత్త. "అంతేనంట" అన్నాను. "గుడ్డ ఐతే మనకాడ ఉండాది గదా" అని అత్త ఇంత సులువా అన్నట్టు మా అందరి ముఖాలూ చూసి, పొయ్యి మీద సంకటి మాడుతుంటే లేచి లోపలికి పోయింది.

ఆమె పోయాక మామ కాగితం అడుగున వేలు పెట్టి, "ఇదేమి పాపా, ఈడ ఇంకొక వరస ఉండాదే" అన్నాడు. చదివాను. పురుగున్న నీళ్లు తాగిన ఏడాదికి గాని వ్యాధి బయటపడదు అని ఉంది. మామ మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఈ మాట ఊరికి చదవద్దు పాపా."

"ఏంటికి మామా?"

"ఏడాది పట్టాదంటే ఎవురు నమ్ముతారు, ఎవురొస్తారు? ముందు అలవాటు కానీ. తర్వాత మనమే నిదానంగా చెప్దాం."

నాకు ఆ లెక్క బాగానే ఉందనిపించింది. పదహారేళ్లప్పుడు మామ చెప్పిన ఏ లెక్కైనా బాగానే ఉంటుంది.

మరుసటి రోజు పొద్దున చావడి ముందర పదిమందిని కూర్చోబెట్టి మామ నన్ను చదవమన్నాడు. కొత్తకోడలు మగవాళ్ల ముందు నిలబడి చదవడమే పెద్ద వింత, ఆ వింత చూడడానికే సగం మంది వచ్చారు. కొంగు నొసటి మీదికి లాక్కుని చదివాను. అడుగు వరస వచ్చేసరికి మామ దగ్గాడు. నేను కాగితం మడిచేశాను. మా వీధి పెద్దాయన ఒకడు, మామకు అన్న వరస, నాకు పెదమామ, "అట్లయితే మీరు వడగట్టిన నీళ్లు తాగితే ఈ ఎండాకాలం నారి లేయదంటావా?" అన్నాడు. అడిగింది నన్నే. నేను మామ వైపు చూశాను. మామ ఒక్క క్షణం ఆగి, "లేయదన్నా" అన్నాడు.

ఆ వారంలోనే పని మొదలైంది. మామ తన మగ్గం విప్పేశాడు. దాని దూలాలు బావికి మెట్లు లేని వైపు పాతి గిలక బిగించాడు. మగ్గం విప్పుతుంటే అత్త లోపల కూర్చుంది, బయటికి రాలేదు. మా ఆయన మగ్గం మీద, ఇంట్లో మిగిలిన ఆఖరి నూలు పెట్టి, ఒక్కో పోగుకు రెండేసి దెబ్బలు వేసి, సూది కూడా సులువుగా దిగనంత దట్టంగా తెల్లగుడ్డ నేశారు తండ్రీ కొడుకులు. ఆ నూలుతో పంచెలు నేసి అమ్ముకుంటే నెల గడిచేది. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. మెట్లకు అడ్డంగా తుమ్మకంప పరిచాం. పొద్దు పొడవక ముందే ఐదుగురం బావి దగ్గరుండేవాళ్లం. మా ఆయన చేదేవాడు, మామ అందుకుని పోసేవాడు, అత్త కుండ మూతి మీద గుడ్డ బిగించి పట్టేది, ఆడబిడ్డ గుడ్డలు ఉతికి బండ మీద ఆరేసేది. కంప తొలగించి దిగబోయేవాళ్లను మాటలు చెప్పి ఆపడం నా పని. అడిగినవాళ్లు లేరు, కూలి ఇచ్చేవాళ్లు లేరు. నూలు లేని వీధిలో మా ఇంటికి మాత్రం తెల్లారితే పనుంది. ఆ సంబరం మా నడకలో కూడా కనబడేది కాబోలు, "ఏమప్పా, పెండ్లికి పోతాండారా?" అని ఎగతాళి చేసేవాళ్లు.

నిజం చెప్పాలంటే నాకది పెండ్లి కంటే మిన్నగానే ఉండింది. ఆ రోజుల్లో పెద్దవాళ్ల ముందు మొగుడూ పెండ్లాం మాట్లాడుకోవడం లేదు. పెళ్లయి ఏడాది దాటినా మా ఆయన గొంతు నాకు సరిగా తెలియదు. బావి దగ్గర మాత్రం "తాడు పట్టు", "చాలా?", "ఇంకొక చేద" అని అందరి ముందరా, పగలే, గట్టిగా మాట్లాడుకునేవాళ్లం. చేతులు బొబ్బలెక్కితే నేను వేపాకు నూరి ఇచ్చేదాన్ని. ఆయన చేతికి నేనేమిచ్చినా అది బావి పనే అయ్యేది గనుక ఎవరూ ఏమీ అనలేకపోయేవాళ్లు.

చిక్కల్లా నిదానంతోనే వచ్చింది. మెట్లు దిగి ముంచుకుంటే గడియలో పని, చేది వడగట్టి పోసేసరికి పొద్దెక్కేది. దానికి తోడు ఊరి బయట చర్చిపేట ఉండేది. ఆ పేటవాళ్లను బావి మెట్లు దిగనిచ్చేవాళ్లు కాదు, గట్టు కింద కుండలు పెట్టుకుని ఎవరైనా పోసేదాకా కాచుకోవలసిందే. కాచుకోవడం అలవాటైనవాళ్లు గనుక అందరికంటే ముందు వచ్చి వరసగా కూర్చునేవాళ్లు. ముందు వచ్చినవాళ్లకు మామ ముందు పోసేవాడు. ఒకరోజు పెదమామ గట్టు మీదికి వచ్చి అరిచాడు. "పేటోళ్ల కుండ మూతికి తగిలిన గుడ్డ తెచ్చి మా కుండ మూతికి పెడతావా? నీళ్లు మంచియ్యో చెడ్డయ్యో, మా ఇంటి ఆడోళ్లు తాగరు." ఆ మాటా ఈ మాటా పెరిగింది. మామ బతిమాలుతున్నాడు. అత్త పొద్దుట్నించి నిలబడి ఉంది, ఎండ నెత్తికెక్కింది. చరచరా ఇంటికి పోయి, మిగిలిన గుడ్డంతా తెచ్చి, పళ్లతో కొరికి బర్రుబర్రున చించింది. "ఇంటికొకటి తీసుకోండి. ఎవురి గుడ్డ వాళ్లది, ఎవురి కుండ వాళ్లది. నా ప్రాణం తీయాకండి." దాన్ని తర్వాత కొందరు గొప్ప గుణమన్నారు. నేను పక్కనే ఉన్నాను, అది వట్టి విసుగు. మా వీధివాళ్లు, "మాకేంటికి, నువ్వుండావు గదా, నువ్వే పట్టు" అని తీసుకోలేదు. పేటవాళ్లందరూ తీసుకున్నారు. వాళ్లలో మా అత్త ఈడుది ఒకామె, ఆ గుడ్డను మడత మీద మడత వేసి రొంటిన దోపుకుంటూ, "కొత్తగుడ్డ కట్టుకునే యోగం నా కుండకు వచ్చిందమ్మా, నాకు రాల్యా" అని నవ్వింది. మా అత్త కూడా కోపం మరిచి నవ్వింది.

ఇంకో నెలకు ఎండలు ముదిరాయి. మొదట పెదమామ పెద్దకొడుకు మడమ మీద బొబ్బ లేచింది. తర్వాత ఎదురింటి ఆమెకు. తర్వాత వారంలో ఇంకా కొందరికి, పేటలోనూ కొందరికి. ప్రతి ఎండాకాలం వచ్చేటంతే వచ్చింది, ఎక్కువేమీ రాలేదు. కానీ రాదని మేము చెప్పి ఉన్నాం. ఒకరోజు పొద్దున వీధి వీధంతా మా వాకిట్లోకి వచ్చింది. "నారి లేయదంటివే" అన్నాడు పెదమామ. "అది పోయినేడు తాగిన నీళ్లదన్నా. బయటపడేకి ఏడాది పట్టాది. కాగితంలోనే ఉండాది" అన్నాడు మామ. "ఉంటే ఆ పొద్దు ఏంటికి చదవల్యా?" అందరూ నా వైపు తిరిగారు. నేను లోపలికి పరుగెత్తి కాగితం తెచ్చి, అడుగు వరస కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అక్కడ నిలబడినవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. పెదమామ నిదానంగానే అన్నాడు, అరవలేదు కూడా. "చదివేది నీ కోడలు. చెప్పించేది నువ్వు. ఆ పొద్దు ఒకటి చదివె, ఈ పొద్దు ఇంకొకటి చదువుతాంది. కాగితం ఏమంటాదో మాకేం తెలుసప్పా?" నేను ఆ కాగితం పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నిజం చేతిలోనే ఉంది, దాన్ని చూపించే దారి మాత్రం లేదు.

ఆ రోజు నుంచి మా వీధి ఆడవాళ్లు కంప తొలగించి మళ్లీ మెట్లు దిగారు. నేను మాటలతో ఆపబోతే వినబడనట్టు పక్కనుంచి పోయారు. పేటవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు, వాళ్లకు వేరే దారి లేదు గనుక.

నాలుగు రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం నేను పెరట్లోకి పోతే, అత్త వడగట్టే గుడ్డను రెండు చేతులతో ఎండకు పట్టుకుని అంగుళం అంగుళం చూస్తోంది. ఒక కాలి మీద బరువు వేసి వంకరగా నిలబడి ఉంది.

"ఏం చూస్తాండావు అత్తా?"

"యాడో పోగు లేచిపోయింటాది మ్మే. బొక్క ఉంటాది. కనబడల్యా." చీర కుచ్చిళ్లు కొంచెం పైకి లాగి చూపించింది. చీలమండ పైన రూపాయంత బొబ్బ. "నేను పట్టిన గుడ్డలో నుంచే పడింటాయి పురుగులు. అందరికీ నా చేత్తోనే పోస్తి."

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు సంకటి మాడుతుంటే లోపలికి పోయిన మనిషి, ఆ వరస విననేలేదు. వాకిట్లో మామ చెప్పిన జవాబునూ నేను చదివినదాన్నీ వీధివాళ్లు నమ్మనట్టే ఆమె కూడా నమ్మలేదు, తాను పట్టిన గుడ్డలోని తప్పు కప్పిపుచ్చడానికి మొగుడు అల్లిన మాటనుకుంది. చీలమండ మంటతో నాలుగు రోజులుగా ఎవరికీ చెప్పకుండా గుడ్డల్లో బొక్క వెతుకుతోంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. గుడ్డలో బొక్క లేదని, అది నిరుడు తాగిన నీళ్లదని, నేనే ఆ మాట మింగేశానని చెప్పాను. అత్త గుడ్డను జాగ్రత్తగా మడిచి చంకన పెట్టుకుంది. "చదవద్దన్నది ఈయప్పేనా?" అంది. తల ఊపాను. "ఈయప్పకు శానా తొందర. మగ్గం మీద తప్ప యాడా నిదానం లేదు" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

పురుగును పుల్లకు చుట్టే పని మామ చేశాడు. వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు. పొద్దునా సాయంత్రం అత్త కాలు తొడ మీద పెట్టుకుని, ఉమ్మెత్తాకు కట్టు విప్పి, తడిగుడ్డతో తుడిచి, ఊపిరి బిగబట్టి వెంట్రుకంత వెంట్రుకంత లాగి చుట్టేవాడు. ఆ వేళ్లను చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. మా వీధిలో సన్ననూలు తెగకుండా పట్టడంలో ఆ వేళ్లను మించినవి లేవు. తొమ్మిదోరోజు ఎందుకో అత్తకు దగ్గు వచ్చింది, కాలు ఒక్కసారి అదిరింది. మామ పుల్ల వదల్లేదు, గట్టిగానూ పట్టలేదు, అయినా తెగింది. తెగిన కొస లోపలికి పోయింది. మామ ఆ పుల్లను పట్టుకుని, దారం తెగినప్పుడు నేతగాళ్లు చేసినట్టే, రెండో కొస కోసం కాలి మీద వేలితో వెతికాడు. మా ఆయన తండ్రి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి కాలు వాచింది, జ్వరం వచ్చింది, రెండు నెలలు మంచం మీద ఉంది. బతుకుతుందనుకోలేదు. బతికింది. మోకాలు మాత్రం మళ్లీ మడవలేదు. కాలు ముందుకు చాపి తప్ప కూర్చోలేకపోయింది. గిలక దగ్గరికి పోవడం ఎప్పుడు మానేశామో నాకు గుర్తులేదు. ఎవరమూ మానేద్దామనలేదు. ఒకరోజు అత్తకు జ్వరమని పోలేదు, మరుసటి రోజూ పోలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది, పోయింది. మా ఇంట్లో మాత్రం నీళ్లు వడగట్టే తాగాం, బావి దగ్గరికి పోయి చెప్పే ముఖం ఎవరికీ లేదు. మొదటి వాన పడిన మరుసటి రోజు చర్చిపేట నుంచి, ఆనాడు గుడ్డ రొంటిన దోపుకుని నవ్విన ఆమె వచ్చింది. అత్త వాకిట్లో కాలు చాపి కూర్చుని ఉంది. ఆమె దూరంగా, వీధి మట్టిలోనే కూర్చుని, కాసేపు వాన గురించి మాట్లాడి, "అమ్మా, ఈ ఏడు మా పేటలో ఒక్కరికీ నారి లేయల్యా. అందరిండ్లలో అడిగొచ్చినా. నీకు చెప్పిపోదామని" అంది.

"గుడ్డలు ఇంకా ఉండాయా?" అంది అత్త.

"ఉండాయమ్మా. ఉతికి ఉతికి పలచనైనాయి. రెండు మడతలు పెట్టి వడగడతాండాం."

పడసాలలో కూర్చున్న మామ విన్నాడు. లేచి, పైగుడ్డ భుజాన వేసుకుని, ఎండలో వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గుమ్మం గుమ్మానికి పోయాడు. నేను వెనకాల పోయాను. మళ్లీ చదవమంటారేమోనని కాగితం కూడా పట్టుకుపోయాను, ఎవరూ అడగలేదు. మా వీధిలో ఆ ఏడూ నారి మామూలుగానే వచ్చింది. పెదమామ తన కాలికే కట్టు కట్టుకుని అరుగు మీద ఉన్నాడు. మామ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. "నిజమే ఉండొచ్చప్పా" అన్నాడు. మామ ముఖం వెలిగింది. "వాళ్ల దేవుడు వేరే గదా. మన దేవతకు వాళ్లతో పనేముంది?" అని పెదమామ కాలు సవరించుకున్నాడు. మామ తిరిగి ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రం మాత్రం పెదమామ భార్య పెరటి దారిన వచ్చి, అత్త చెవిలో, ఆ గుడ్డ ఒకటుంటే ఇస్తావా అని అడిగింది. మా ఇంట్లో మేము వాడే ముక్క తప్ప గుడ్డ లేదు. నేయడానికి నూలూ లేదు. అత్త ఆ ముక్కనే రెండుగా చించి సగం ఇచ్చింది.

మరుసటేడు స్వరాజ్యం వచ్చింది, ఇంకొన్నాళ్లకు నూలు వచ్చింది, వీధిలో చప్పుడు మొదలైంది. మామ కొత్త మగ్గం వేసుకున్నాడు గానీ, మునుపటిలా పాటలు పాడుతూ నేయలేదు. నారి మాత్రం ఇంకా చాలా ఏళ్లు వచ్చింది, విత్తనం అదనుకు మంచాలు వేస్తూనే ఉంది. చివరికి సర్కారు తాపీవాళ్లు వచ్చి మూడు రోజుల్లో మెట్లకు అడ్డంగా గోడ కట్టేసి పోయారు. అప్పటికి మామ లేడు. అత్త చూస్తానంటే మా ఆయన బండిలో కూర్చోబెట్టి తీసుకుపోయాడు. బిగుసుకుపోయిన కాలు బండి అంచు మీద చాపుకుని ఆమె ఆ గోడను తేరిపార చూసి, "మూడు దినాల పని" అంది.

ఊరికి ఆ అడుగు వరస చదివి ఉంటే ఎవరైనా వినేవాళ్లో లేదో నాకిప్పటికీ తెలియదు. ఒక ఏడాది కాచుకోండని చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు, ఆ ధైర్యం వచ్చేసరికి ఏడాది వెళ్లిపోయింది.